మైల్స్ డేవిస్ 'డూ-బాప్': ఆరు పాటలు వినండి, రెండు వదిలేయండి

ముందే చెప్పేస్తా. మైల్స్ డేవిస్ ఆల్బమ్‌లలో ఇది గొప్పది కాదు, జాజ్ కొత్తగా వినేవాళ్లు మొదట పట్టుకోవాల్సిందీ కాదు. అలాగని జాజ్ పెద్దమనుషులు ముప్పై ఏళ్లుగా తిడుతున్నంత చెత్తా కాదు. 1992 జూన్‌లో వార్నర్ బ్రదర్స్ దీన్ని విడుదల చేసేనాటికి మైల్స్ చనిపోయి తొమ్మిది నెలలైంది. మొత్తం 9 ట్రాక్‌లు, అటూ ఇటూగా 40 నిమిషాలు. నేనైతే అయిదుకు మూడున్నర ఇస్తా. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందంటే చెప్పడానికి చాలానే ఉంది.

మైల్స్ ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1926లో పుట్టిన అమెరికన్ ట్రంపెట్ కళాకారుడు. 1959లో ఈయన చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఇప్పటికీ జాజ్‌లో అందరికంటే ఎక్కువగా అమ్ముడుపోయే రికార్డుల్లో ఒకటి. అక్కడితో ఆగి అదే వాయించుకుంటూ బతికేయొచ్చు, కానీ ఆగే మనిషి కాదు. 1970లో 'బిచెస్ బ్రూ' అని ఎలక్ట్రిక్ పియానోలు, గిటార్లు పెట్టి రాక్ వైపు తిప్పాడు, 1972లో 'ఆన్ ది కార్నర్'లో ఏకంగా తబలా, సితార్ తెచ్చి పెట్టాడు (తబలా వాయించింది బాదల్ రాయ్, బెంగాలీ ఆయన). 1975 నుంచి కొన్నేళ్లు అసలు కనిపించకుండా పోయి, 1981లో కొత్త ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు. అంటే ప్రతిసారీ పాత అభిమానులను ఏడిపిస్తూ కొత్తవాళ్లను పోగేసుకోవడం ఆయనకు అలవాటే. 'డూ-బాప్' ఆ వరసలో చివరిది, అరవై అయిదేళ్ల వయసులో హిప్‌హాప్.

ఇది ఎలా పుట్టిందో ఒక కథ చెబుతారు. వేసవిలో న్యూయార్క్‌లో తన ఇంట్లో కిటికీలు తెరుచుకుని కూర్చుంటే కింద వీధిలోంచి చప్పుళ్లన్నీ పైకి వచ్చేవట, ఆ వీధి చప్పుడు పట్టుకునే ఆల్బమ్ చేయాలనుకున్నాడట. మన అనంతపురం సుభాష్ రోడ్డులో కిటికీ తెరిస్తే ఆటోల హారన్లు తప్ప ఆల్బమ్ రాదు, అది వేరే సంగతి. డెఫ్ జామ్ అనే ర్యాప్ రికార్డుల కంపెనీకి చెందిన రసెల్ సిమన్స్‌ను అడిగితే కుర్ర ప్రొడ్యూసర్లను, అంటే పాటలకు బీట్లు కట్టేవాళ్లను, చూపించాడు. వాళ్లలో మైల్స్‌కు నచ్చినవాడు ఈజీ మో బీ. అప్పటికి పెద్ద పేరేమీ లేదు, ర్యాపర్ బిగ్ డాడీ కేన్‌కీ ఇంకొకరిద్దరికీ పనిచేశాడు. ఆ తర్వాత 1994లో ర్యాపర్ నోటోరియస్ బి.ఐ.జి. ఆల్బమ్ 'రెడీ టు డై' వచ్చినప్పుడు అందులో కొన్ని మంచి బీట్లు ఈయనవే. అంటే మైల్స్ చెవి మోసపోలేదు, అందరికంటే మూడేళ్లు ముందే పట్టుకున్నాడు.

ఇద్దరూ 1991లో కూర్చుని ఆరు పాటలు పూర్తిచేశారు. సెప్టెంబర్ 28న మైల్స్ కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో చనిపోయాడు. ఆరు పాటలతో ఆల్బమ్ బయటకు రాదు కదా. 1985 ప్రాంతంలో మైల్స్ 'రబ్బర్‌బ్యాండ్' అనే పేరుతో మొదలుపెట్టి పక్కన పడేసిన రికార్డింగులు వార్నర్ దగ్గర ఉన్నాయి. వాటిలోంచి ట్రంపెట్ ముక్కలు ఈజీ మో బీ చేతికిచ్చారు. వాటి కింద ఆయన కొత్త బీట్ కట్టాడు. అలా వచ్చినవి 'హై స్పీడ్ చేజ్', 'ఫాంటసీ'. చివర్లో మొదటి పాట 'మిస్టరీ'నే ఇంకోసారి నిమిషంన్నరలోపు వినిపించి ముగించారు. లెక్క అదీ: మనిషి ఉండగా చేసినవి ఆరు, పోయాక అతికినవి రెండు, తోకముక్క ఒకటి.

ఆరింటి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే డబ్బులు పెట్టాల్సింది వాటికోసమే.

హిప్‌హాప్ బీట్ అంటే ఎక్కువసార్లు పాత రికార్డులోంచి రెండు మూడు సెకన్ల ముక్క కోసి, అదే మళ్లీ మళ్లీ తిప్పడం, దాన్నే లూప్ అంటారు. డ్రమ్ముల వెనక మనిషి లేడు. జాజ్‌లో, మన కచేరీలో కూడా, పైన వాయించేవాడు ఏదైనా కొత్త సంగతి వేస్తే కింద తాళం వాయించేవాడు వెంటనే పట్టుకుని జవాబిస్తాడు, నాదస్వరం పక్కన డోలు చూడండి, కళ్లతోనే మాట్లాడుకుంటారు. లూప్‌కు కళ్లు లేవు, చెవులూ లేవు. మైల్స్ ఎంత గొప్ప ముక్క ఊదినా దానికి పట్టదు, మళ్లీ మొదటికి వచ్చి అదే వాయిస్తుంది. అందుకే జాజ్ వాళ్లకు ఈ రికార్డు నచ్చలేదు, వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. 1960లలో మైల్స్ వెనక టోనీ విలియమ్స్ డ్రమ్స్ విన్న చెవికి ఇది గోడతో మాట్లాడినట్టే ఉంటుంది.

కానీ ఆ గోడతో మైల్స్ ఎలా మాట్లాడాడన్నదే ఇందులో వినాల్సింది. 'మిస్టరీ' పెట్టండి. బీట్ మొదలవుతుంది, ఆయన తొందరపడడు. రెండు మూడు స్వరాలు వదిలి ఆగుతాడు. ఆగినప్పుడు లూప్ తిరిగి మొదటికి వస్తుందని ఆయనకు తెలుసు, ఆ మలుపు వచ్చేదాకా కాచుకుని, సరిగ్గా దానిమీద కాకుండా ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా మళ్లీ అందుకుంటాడు. అంత పొడవైన ఖాళీ ఇంకెవరైనా వదిలితే మర్చిపోయారేమో అనుకుంటాం. బీట్ మారదు కాబట్టి మారాల్సిన పనంతా తనే నెత్తినేసుకున్నాడు. 'సోనియా' కూడా అంతే, అయిదున్నర నిమిషాలతో ఆల్బమ్‌లో పొడవైన ట్రాక్ ఇదే, మాటల గోల లేదు. ట్రంపెట్ ఒక్కటే పాటంతా మోస్తుంది. నాకు ఆల్బమ్ మొత్తంలో నచ్చింది ఇదే. 'చాక్లెట్ చిప్' మూడోది, ఇది కొంచెం హుషారు. 'డ్యూక్ బూటీ' పేరంత చెత్తగా లేదు, ఫంక్ అనే ఊపున్న డాన్స్ సంగీతం ఇష్టమైనవాళ్లకు ఎక్కుతుంది, నాకు సగంలో బోర్ కొట్టింది.

ట్రంపెట్ అంటే మనకు గుర్తొచ్చేది రెండే, పాత సినిమాల్లో క్లబ్ పాటలు, పెళ్లి బ్యాండు. మా వీధి చివర బ్యాండ్ మేళంలో ట్రంపెట్ ఊదే అన్న ఉన్నాడు, పెళ్లిళ్ల సీజన్, వినాయక నిమజ్జనం తప్ప మిగతా రోజుల్లో పెయింటింగ్ పనికి పోతాడు. ఆయనకు ఇయర్‌ఫోన్స్ ఇచ్చి 'మిస్టరీ' వినిపించా. రెండు నిమిషాలు విన్నాడు. "ఇంత సన్నగా ఊదితే మెరవణి యాడ కదుల్తాదన్నా, పెండ్లికొడుకు నిద్రపోతాడు" అన్నాడు. నేనేదో చెప్పబోతే చేయి అడ్డం పెట్టి ఇంకోసారి పెట్టమన్నాడు. ఈసారి పూర్తిగా విని, "ముందర ఏందో అడ్డం పెట్టినాడు" అన్నాడు.

నిజమే. మైల్స్ 1950ల నుంచి వాడుతున్న హార్మన్ మ్యూట్ అది. అల్యూమినియంతో చేసిన బుడ్డిలాంటి సామాను, చుట్టూ కార్క్ పట్టీ ఉంటుంది, ట్రంపెట్ ముందరి నోట్లో బిగిస్తే గాలి పక్కనుంచి పోదు, మొత్తం దాని లోపలినుంచే రావాలి. మధ్యలో చిన్న గొట్టం వస్తుంది, మైల్స్ అది పీకేసి వాడేవాడు. అప్పుడు శబ్దం సన్నబడి, లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటుంది, మైక్ దగ్గరగా పెడితేనే వినబడుతుంది. మా అన్నకు ఇదంతా చెప్పేలోపే ఇంట్లోంచి ట్రంపెట్ తెచ్చి, టీ తాగిన స్టీలు లోటా కడిగి, ట్రంపెట్ ముందరి మూతికి అడ్డంగా పట్టి ఊది చూశాడు. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. లోటా కొంచెం పక్కకు జరిపాడు, బుగ్గలు బిగించాడు, అప్పుడు వచ్చింది ఒక పిల్లగొంతు లాంటి స్వరం, అసలు స్వరం కంటే ఒక పిసరు పైకి పోయి. మళ్లీ దించడానికి పెదాలతో తిప్పలు పడ్డాడు. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. లోటా కింద పెట్టి మూతి తుడుచుకుని అన్నమాట: "గట్టిగా ఊదేది సులభం. ఇట్ల ఊదాలంటే దమ్ము శానా కావాల, బయటికి మాత్రం తెలీదు."

ఆ మాట విన్నాక ఆల్బమ్ నాకు వేరేగా వినపడింది. ఊపిరితిత్తులు బాగా లేని మనిషి ఇక్కడ ఊదుతున్నది. చనిపోవడానికి చెప్పిన కారణాల్లో న్యుమోనియా, శ్వాస ఆడకపోవడం, పక్షవాతం ఉన్నాయి. ఈ రికార్డులో పొడవైన పలుకులు తక్కువ, చిన్న చిన్న ముక్కలే ఎక్కువ. కొంత స్టైల్, కొంత దమ్ము పొదుపు అని నా అనుమానం. ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసినవాడు కాబట్టి లోటు బయటపడదు.

ఇక ర్యాప్. ఇక్కడే నా మార్కులు కొన్ని తెగిపోయాయి. మైల్స్ బతికుండగా చేసిన వాటిలో 'ది డూ-బాప్ సాంగ్', 'బ్లో' రెండింట్లో మాటలున్నాయి. మొదటిదాంట్లో ఈజీ మో బీ తన గ్రూపు 'రాపిన్ ఈజ్ ఫండమెంటల్' వాళ్లతో వచ్చాడు, రెండోదాంట్లో తనే. మాటల సారం ఏమంటే మైల్స్ గొప్పోడు, మైల్స్ ఊదితే అంతే, మేము కూడా తక్కువేం కాదు. అచ్చం మన సినిమాల్లో హీరో ఇంట్రడక్షన్ పాట. పక్కన మనిషే ఊదుతున్నప్పుడు ఆయన గొప్పతనం మాటల్లో చెప్పడం దేనికో అర్థం కాదు. పైగా ర్యాప్ వచ్చినప్పుడు ట్రంపెట్ తగ్గి పక్కకు జరుగుతుంది, డబ్బు పెట్టి కొన్నది ఆ ట్రంపెట్ కోసం కదా.

అదే సంవత్సరం ఇంకోచోట ఏం జరిగిందో చూడండి. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే ర్యాప్ గ్రూపు ఆల్బమ్ 'ది లో ఎండ్ థియరీ' 1991 సెప్టెంబర్ 24న వచ్చింది, అంటే మైల్స్ పోవడానికి నాలుగు రోజుల ముందు. అందులో ఒక పాటకు బేస్ వాయించింది రాన్ కార్టర్, 1960లలో మైల్స్ సొంత బ్యాండ్‌లో బేస్ వాయించినాయనే. అక్కడ మాటలు, బేస్ ఒకదాన్నొకటి వింటూ నడుస్తాయి, ఎవరూ ఎవరికీ భజన చేయరు. జాజ్, ర్యాప్ కలిస్తే ఎలా ఉండొచ్చో పాత శిష్యుడు ఇంకో స్టూడియోలో చూపించేశాడు. గురువుగారికి అంత పదునైన ర్యాపర్లు దొరకలేదు, అదీ నా బాధ.

ఒక్క మంచిమాట చెప్పాలి. 'ది డూ-బాప్ సాంగ్' కింద తిరిగేది కూల్ అండ్ ది గ్యాంగ్ బ్యాండ్ వాళ్ల 'సమ్మర్ మ్యాడ్‌నెస్' ముక్క. 1991లోనే విల్ స్మిత్, డీజే జాజీ జెఫ్ ఇదే ముక్కతో 'సమ్మర్‌టైమ్' అని పెద్ద హిట్టు కొట్టారు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే సరదాగా ఉంటుంది. ఒకటి పిక్నిక్, రెండోదాంట్లో అదే ఎండలో ముసలాయన నీడన కూర్చుని అప్పుడప్పుడు ఒక మాట విసురుతుంటాడు. ర్యాప్ వచ్చేదాకా నాకు మైల్స్‌దే ఎక్కువ నచ్చింది.

ఇప్పుడు ఆ రెండు పాటలు. 'హై స్పీడ్ చేజ్' గురించి చాలామంది బాగుందంటారు, స్పీడుంది, ఊపుంది, కాదనను. కానీ రెండుమూడుసార్లు శ్రద్ధగా వింటే తేడా దొరుకుతుంది. ట్రంపెట్ ఒకచోట ఊపందుకుని పైకి పోతుంది, బీట్ అక్కడ మామూలుగానే ఉంటుంది. ఇంకోచోట బీట్ తిరగబోతోంది, ట్రంపెట్‌కు ఆ సంగతి తెలియదు, తన మానాన తను వాక్యం పూర్తిచేసుకుంటుంది. 'మిస్టరీ'లో ఆ మలుపు దగ్గర కాచుకున్న మనిషి ఇక్కడ కాచుకోడు, ఎలా కాచుకుంటాడు, ఆయన ఊదింది ఆరేళ్ల కిందట వేరే పాట మీద, వేరే డ్రమ్ములు వింటూ. 'ఫాంటసీ' ఇంకా అన్యాయం, దానిమీద అమ్మాయిల గురించి ర్యాప్ కూడా ఎక్కించారు. మైల్స్ ఆ మాటలు విననే లేదు. ఉంటే ఒప్పుకునేవాడో కాదో ఎవరూ చెప్పలేరు, కానీ కనీసం అడిగే వీలు కూడా లేని పని అది.

అతుకులు వేయడం తప్పని నేను అనడం లేదు. మైల్స్ రికార్డులకు అతుకులు కొత్త కాదు. 1969లో 'ఇన్ ఎ సైలెంట్ వే'లో ప్రొడ్యూసర్ టియో మాసెరో మొదట్లో వాయించిన భాగాన్నే కోసి తెచ్చి చివర మళ్లీ అతికించాడు, అది ఎంత అందంగా కుదిరిందంటే చెప్పేదాకా చాలామందికి తెలియదు. 'బిచెస్ బ్రూ' నిండా కత్తెర పనే. తేడా ఏమంటే, అక్కడ పదిమందీ ఒకే గదిలో ఒకరినొకరు వింటూ వాయించారు, కత్తెర తర్వాత వచ్చింది, ఆ పని మైల్స్ బతికుండగానే జరిగింది. ఇక్కడ ట్రంపెట్ ముందు, బీట్ ఆరేళ్లకు. ఈజీ మో బీ నైపుణ్యానికి వంక లేదు, ఉన్నంతలో చక్కగా కుట్టాడు, స్వరాలు ఎక్కడా కొట్టుకోలేదు. కంపెనీ ఆరు పాటలతోనే ఒక అరగంట రికార్డు వేసి ఊరుకుంటే ఏం పోయేది? అరగంట రికార్డులు జాజ్‌లో ఎన్ని లేవు! అమ్మకం లెక్కలు వేరేగా ఉంటాయిలెండి. మరుసటి ఏడు దీనికి ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) వాద్య విభాగంలో గ్రామీ అవార్డు కూడా ఇచ్చారు, జాజ్ విభాగంలో కాదు, గమనించండి.

ఎలా వినాలి అన్నది కొంచెం. ఫోన్ స్పీకర్లో వద్దు, బేస్ పోతే ఈ ఆల్బమ్‌లో సగం పోయినట్టే, మిగిలేది టిక్కు టిక్కు మని చప్పుడు, దానిమీద ఒక ఈగ. మంచి ఇయర్‌ఫోన్స్ లేదా కారు. నాకైతే కారులోనే బాగా కుదిరింది. అనంతపురం నుంచి బెంగుళూరు హైవే ఎక్కి రాప్తాడు దాటాక పెడితే దాదాపు చెన్నేకొత్తపల్లి దగ్గరికి అయిపోతుంది, దూరంగా రామగిరి వైపు కొండల మీద గాలిమరలు కనబడేవేళకు 'సోనియా' వస్తే ఇంక చెప్పనక్కర్లేదు. పొద్దున్నే పోతే మంచిది. మధ్యాహ్నం ఎండలో ఏసీ ఫుల్లుగా పెడితే ఆ మ్యూట్ శబ్దం ఫ్యాన్ హోరులో కలిసిపోతుంది. పక్క సీట్లో ఇంట్లోవాళ్లుంటే ముందే చెప్పండి, "ఇది పాటా, ట్యూనింగ్ చేస్తున్నాడా" అని మా ఆవిడ అడిగింది, ఉగ్గాని బజ్జీ కోసం బండి ఆపేదాకా ఆ చర్చ నడిచింది.

సీడీ కొనాలా అంటే, అలవాటు ఉన్నవాళ్లు కొనుక్కోండి. మన ఊళ్లో దొరికే వస్తువు కాదు, బెంగుళూరులో పాత సీడీల షాపుల్లో అప్పుడప్పుడు తగులుతుంది. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే కేస్ మూత పగిలి వచ్చింది, డిస్క్ మాత్రం బాగుంది, వాపసు పంపే తలనొప్పి ఎవడు పడతాడని ఉంచేసుకున్నా. స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు షఫుల్ ఆపండి. ఉచిత అకౌంట్ అయితే రెండు పాటల మధ్య ప్రకటన అరుస్తుంది, 'సోనియా' అయ్యీ అవగానే బట్టల షాపు ఆఫర్ వినపడితే ఆ కోపం ఆల్బమ్ మీదికి పోతుంది, దాని తప్పు కాదు.

నా వరస ఇది: 'మిస్టరీ', 'చాక్లెట్ చిప్', 'సోనియా', తర్వాత ఓపికుంటే 'ది డూ-బాప్ సాంగ్', 'బ్లో'. 'డ్యూక్ బూటీ' మీ ఇష్టం. 'హై స్పీడ్ చేజ్', 'ఫాంటసీ' తెలుసుకోవడానికి ఒకసారి విని వదిలేయొచ్చు.

ఇది నచ్చినవాళ్లు తర్వాత 1986 'టుటు' వినండి. అదీ మెషీన్ డ్రమ్ములే ఎక్కువ, కానీ మార్కస్ మిల్లర్ అనే బేస్ వాద్యకారుడు మైల్స్ కోసమే పాటలు కట్టాడు, ఆ శ్రద్ధ తెలుస్తుంది. పైన చెప్పిన 'రబ్బర్‌బ్యాండ్' రికార్డింగులు కూడా చివరికి 2019లో విడిగా ఆల్బమ్‌గా వచ్చాయి. అప్పట్లో వాటిమీద పనిచేసిన రాండీ హాల్, జేన్ గైల్స్, మైల్స్ మేనల్లుడు విన్స్ విల్బర్న్ జూనియర్ కలిసి పూర్తిచేశారు, కొత్తగా లెడిసి, లాలా హాథవే చేత పాడించారు. కవర్ మీద బొమ్మ మాత్రం మైల్స్ వేసిన పెయింటింగే. గాయనులు బాగా పాడారు, అయినా ట్రంపెట్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దానికి అయిదుకు రెండున్నర, అదీ బొమ్మ బాగుందని.